ఫిజీ గిర్మిట్ చరిత్రలో తెలుగువారి భాగం

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఇటీవల ఫిజీ దేశం గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పసిఫిక్ మహాసముద్రంలో అంత దూరాన ఉన్న చిన్న దేశం గురించి తెలుగు పాఠకులకు చెప్పాలనుకున్నందుకు ముందుగా కృతజ్ఞతలు. అయితే భారతీయులు వ్యాపారం కోసం ఫిజీకి వెళ్లి స్థిరపడ్డారనీ, వారి ఎదుగుదల చూసి అక్కడి మూలవాసులకు కన్నుకుట్టిందనీ, సైన్యం పదేపదే ప్రభుత్వాలను కూల్చడానికి అదే కారణమనీ ఆ వ్యాసంలో రాశారు. ముప్పై ఏళ్లకు పైగా పాఠశాలల్లో చరిత్ర బోధించిన నాకు ఈ మాటలు చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. ఫిజీకి వెళ్లిన మనవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా వర్తకులు కారు, ‘గిర్మిట్’ అనే ఒప్పందం మీద వెళ్లిన కూలీలు. వారిలో వేలమంది తెలుగువాళ్లు. అక్కడి రెండు సమాజాల మధ్య ఏర్పడిన ఎడం అసూయ వల్ల పుట్టింది కాదు. బ్రిటిష్ ప్రభుత్వం భూమిని ఒకరికీ, చాకిరీని మరొకరికీ కేటాయించి, ఓట్లను కూడా వేర్వేరు పెట్టెల్లో వేయించిన ఏర్పాటు నుంచి పుట్టింది. ఉత్తరం కొంచెం పొడవైనా సహృదయంతో ప్రచురించమని మనవి.

ఈ విషయం నాకు పుస్తకాల్లో కంటే ఒక కాగితంలో బాగా అర్థమైంది. రెండేళ్ల కిందట ఆక్లండ్ నుంచి డెబ్బై ఏళ్ల ఒక పెద్దావిడ మా ఎదురింటివారి అమ్మాయి ద్వారా నా గురించి తెలుసుకుని నల్లకుంటలోని మా ఇంటికి వచ్చారు. ఆవిడ పుట్టింది ఫిజీలోని బా పట్టణం దగ్గర చెరకు పొలాల్లో. ఆవిడ మాట్లాడేది ఫిజీ హిందీ. తెలుగులో నాయనమ్మ నేర్పిన అంకెలు మాత్రం పదిదాకా వచ్చు, ఎనిమిదిని ‘ఎన్మిది’ అంటారు. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి నాలుగు మడతలు పెట్టిన నకలు కాగితం ఒకటి తీసి బల్లమీద పరిచారు. అది 1911లో మద్రాసు రేవులో వాళ్ల ముత్తాత పేర రాసిన వలస పాసు. పేరు, తండ్రి పేరు, వయసు 22, కులం, ఎత్తు, ఒంటిమీద గుర్తుగా ఎడమకాలి పిక్కమీద మచ్చ, జిల్లా విశాఖపట్నం, తాలూకా పాలకొండ, ఆ తరువాత ఊరి పేరు. కింద ఈ మనిషి ఒంట్లోనూ మనసులోనూ ఏ జబ్బూ లేకుండా ఉన్నాడనీ, టీకా వేయించుకున్నాడనీ, వలసకు పనికివస్తాడనీ డాక్టరు, అధికారి చేసిన సంతకాలు.

ఊరి పేరు దగ్గరే చిక్కు వచ్చింది. గుమాస్తా తన చెవికి వినబడిందాన్ని ఇంగ్లిషు అక్షరాల్లో మూడు ముక్కలుగా రాశాడు. నేను ఎన్ని రకాలుగా పలికి చూసినా తెలిసిన ఏ ఊరితోనూ కలవలేదు. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. పైకి నీళ్ల బిందె తెచ్చినప్పుడు మా మాటలు విని, ఆ పేరును రెండుసార్లు నాచేత చదివించుకుని, “ఏటండి మాస్టారూ, ఇది మా అప్పనిచ్చిన ఊరండి” అన్నాడు. అప్ప అంటే వాళ్ల వైపు అక్క. ఆ పెద్దావిడకు మాట అర్థం కాలేదు, నేను హిందీలో చెప్పాను. ఆవిడ కాగితం మీద ఆ ఊరి పేరు ఉన్నచోట వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. నూరేళ్లకు పైగా ఆ ఇంట్లో మూడు తరాలు తప్పుగా పలుకుతూ వచ్చిన పేరును సరిగా పలికినవాడు, అదే తాలూకా నుంచి అదే కారణంతో హైదరాబాదుకు వచ్చి మా గేటు దగ్గర చిన్న గదిలో భార్యాబిడ్డలతో ఉంటున్న మనిషి. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను, అది వారి కుటుంబ విషయం.

ఇక చరిత్ర. ఫిజీ దీవులు 1874 అక్టోబరు 10న బ్రిటిష్ రాణి ఏలుబడిలోకి వెళ్లాయి. బావు ప్రాంతపు నాయకుడు థాకొంబౌ, ఇతర ప్రభువులు లెవూకాలో ఒప్పందంమీద సంతకాలు చేశారు. మరుసటి ఏడాదే పెద్ద విపత్తు వచ్చిపడింది. థాకొంబౌ కుటుంబం సిడ్నీ వెళ్లి బ్రిటిష్ యుద్ధనౌకలో తిరిగి వచ్చినప్పుడు వారితో పాటు తట్టు వ్యాధి దిగింది. అంతకుముందు ఆ జబ్బు ఎరుగని జనంలో సుమారు 40 వేలమంది కొద్ది నెలల్లో చనిపోయారు. అంటే దీవుల జనాభాలో నాలుగో వంతో, ఇంకా ఎక్కువో. ప్రతి ఊరిలో, ప్రతి ఇంట్లో మనిషి పోయిన ఆ ఏడాదిని గుర్తు పెట్టుకోకుండా ఫిజీ మూలవాసుల భయాన్ని అర్థం చేసుకోలేం. న్యూజిలాండులో అక్కడి మూలవాసులైన మావోరీల భూములకు పట్టిన గతి కూడా వారి కళ్ల ముందే ఉంది. తమ నేల, తమ జాతి మిగలవేమోనన్న ఆ భయం అసూయ కాదు. అనుభవం నేర్పిన భయం.

ఆ సమయంలో గవర్నరుగా వచ్చిన సర్ ఆర్థర్ గోర్డన్ రెండు నిర్ణయాలు తీసుకున్నాడు. మూలవాసుల భూములు అమ్మకూడదనీ, వారిని ఊళ్లనుంచి తీసి తోటల్లో కూలికి పెట్టకూడదనీ ఒకటి. ఇది వారికి మేలు చేసింది, కాదనలేం. కానీ వలస రాజ్యం తన ఖర్చు తాను పెట్టుకోవాలన్నది లండన్ నియమం. అందుకు తోటలు కావాలి, తోటలకు చేతులు కావాలి. గోర్డన్ అంతకుముందు ట్రినిడాడ్‌లోనూ మారిషస్‌లోనూ గవర్నరుగా చేసి, భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను తెచ్చుకునే పద్ధతిని దగ్గరనుంచి చూసినవాడు. అదే ఇక్కడా పెట్టాడు, ఇది రెండో నిర్ణయం. ఆస్ట్రేలియాకు చెందిన కొలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీని రప్పించాడు. 1882లో నౌసోరిలో దాని మిల్లు నడవడం మొదలైంది, ఆ తరువాత బా దగ్గర రారావై, లంబాసా, లౌతోకాలలో మిల్లులు లేచాయి. ఒక జాతిని కాపాడడానికి ఇంకో జాతిని బలి పెట్టిన ఏర్పాటు ఇది. దానికి బాధ్యులు ఫిజీ రైతులూ కారు, మన కూలీలూ కారు.

మొదటి ఓడ ‘లియోనిదాస్’ కలకత్తా నుంచి బయలుదేరి 1879 మే 14న లెవూకా చేరింది. దారిలో కలరా, మశూచి తగిలినందున అందులోని వారిని వెంటనే ఊళ్లోకి రానీయక పక్కన ఒక చిన్న దీవిలో ఉంచారు. అది మొదలు 1916 నవంబరులో చివరి ఓడ చేరేదాకా 87 ప్రయాణాల్లో 60 వేలకు పైగా మనుషులు ఫిజీ చేరారు. 1884లో ‘సిరియా’ అనే ఓడ నసిలాయి దగ్గర పగడపు దిబ్బను ఢీకొని పగిలిపోతే 59 మంది మరణించారు. మొదట అందరూ కలకత్తా రేవునుంచే వెళ్లేవారు. అక్కడ కావలసినంతమంది దొరకకపోవడంతో 1903 నుంచి మద్రాసులోనూ కూలీలను ఎక్కించడం మొదలుపెట్టారు. అప్పటినుంచి పదమూడేళ్లలో 15 వేలకు పైగా దక్షిణాదివాళ్లు ఓడలెక్కారు. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల పేర్లు ఆ పాసుల్లో కనిపిస్తాయి. అక్కడ వీళ్లందరికీ, తెలుగువారైనా తమిళులైనా మలయాళీలైనా, ‘మద్రాజీ’ అన్న ఒక్కటే పేరు.

వీరు సంతకమో వేలిముద్రో వేసిన ఒప్పందాన్ని ఇంగ్లిషులో ‘అగ్రిమెంట్’ అంటారు. ఆ మాట నోటికి తిరగక ‘గిర్మిట్’ అయింది, వాళ్లు ‘గిర్మిటియా’లయ్యారు. అయిదేళ్ల చాకిరీ. సోమవారం మొదలుకొని అయిదు రోజులు రోజుకు తొమ్మిది గంటలు, శనివారం అయిదు గంటలు. మగవారికి రోజుకు ఒక షిల్లింగు, అంటే అప్పటి లెక్కలో పన్నెండణాలు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు. అయిదేళ్ల తరువాత తన ఖర్చుతో తిరిగి రావచ్చు, పదేళ్లుంటే ప్రభుత్వ ఖర్చుతో రావచ్చు. పన్నెండణాలన్న మాట వినగానే కరువు జిల్లాలో కూలివాడికి కళ్లు మెరవడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఆ షిల్లింగు పనికి కాదు, పూర్తిచేసిన ‘టాస్కు’కు. ఓవర్సీరు కొలిచిచ్చిన చెరకు సాళ్లు సాయంత్రానికి పూర్తికాకపోతే కూలి కోత. పనికి రాకపోవడం, పని పూర్తి చేయకపోవడం కూడా నేరాలే, వాటికి కోర్టులో జుల్మానా లేదా జైలు, జైలులో గడిపిన రోజులను మళ్లీ ఒప్పందానికి కలిపేవారు.

ఊళ్లలో మనుషులను పోగుచేసేవాణ్ణి ‘అర్కాటి’ అనేవారు. తలకింత అని వాడికి కమిషను. ఫిజీ ఎక్కడుందో చెప్పకుండా, కలకత్తాకు కొంచెం అవతల ఒక దీవి అన్నట్లుగా చెప్పి డిపోకు చేర్చేవాడు. తెలంగాణ పాఠకులకు దీన్ని ఇంతకంటే వివరించనక్కర లేదు. పాలమూరు జిల్లాలో గుంపు మేస్త్రీ ఇంటికి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి, ఆ అడ్వాన్సు తీరేదాకా ఏ రాష్ట్రంలోని ఏ ప్రాజెక్టు దగ్గరైనా మట్టి మోయించిన కాలాన్ని మనం చూశాం. కరీంనగర్, నిజామాబాద్ ఊళ్లలో ఏజెంటుకు లక్షలు కట్టి గల్ఫుకు వెళ్లి, అక్కడ పాస్‌పోర్టు యజమాని బీరువాలో పడి, చెప్పిన జీతం ఒకటి, ఇచ్చిన జీతం ఒకటి అయి తిరిగివచ్చిన యువకులు నా విద్యార్థుల్లోనే నలుగురున్నారు. పొట్ట చేతపట్టుకుని వెళ్లినవాణ్ణి ‘వ్యాపారం కోసం వెళ్లాడు’ అంటే వాడి కష్టాన్ని చరిత్రలోంచి తుడిచేసినట్టే.

అక్కడ వారు ఉన్న ఇళ్లను ‘లైన్లు’ అనేవారు. వరసగా కట్టిన బారకాసులు, సుమారు పది అడుగుల పొడవు ఏడడుగుల వెడల్పు ఉన్న గదులు, ఒక్కో గదిలో ముగ్గురు ఒంటరి మగవాళ్లు లేదా ఒక కుటుంబం. గదికీ గదికీ మధ్య గోడ పైకప్పుదాకా ఉండదు. నూరుమంది మగవారికి నలభైమంది స్త్రీలన్న లెక్కన ఓడ నింపేవారు. ఆ ఒక్క అంకె చాలు, ఆ లైన్లలో ఆడవారి బతుకు ఎలా ఉండేదో ఊహించడానికి. భారతీయ కూలీలున్న వలస రాజ్యాలన్నింటిలోనూ ఆత్మహత్యలు ఎక్కువగా నమోదైంది ఫిజీలోనే. అక్కడివాళ్లు గిర్మిట్ కాలాన్ని ‘నరక్’ అన్నారు. 1913 ఏప్రిల్‌లో కుంతి అనే స్త్రీని ఓవర్సీరు తోటివారికి దూరంగా ఒంటరిగా అరటితోటలో పనికి పెట్టి మీద చేయివేయబోతే, ఆమె అతణ్ణి విదిలించుకుని పక్కనే ఉన్న నదిలో దూకింది. దోనెమీద ఉన్న ఒక కుర్రవాడు ఆమెను కాపాడాడు. ఆమె చెప్పుకున్న గోడు కలకత్తా ‘భారత మిత్ర’ పత్రికలో అచ్చయి దేశమంతా అలజడి రేపింది. ఒక కూలి స్త్రీ మాటను ఒక పత్రిక అచ్చువేయడం వల్ల ఎంత జరగగలదో చెప్పడానికి పత్రికా సంపాదకులైన మీకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచడం లేదు. ఒప్పంద కూలీ పద్ధతిని రద్దు చేయాలని గోఖలే 1912లో ఇక్కడి శాసన మండలిలో తీర్మానం పెట్టి ఓడిపోయాడు. నాలుగేళ్ల తరువాత 1916 మార్చిలో మదన్ మోహన్ మాలవీయ పెట్టిన తీర్మానాన్ని వైస్రాయి హార్డింజ్ అంగీకరించక తప్పలేదు. సి.ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్ అనే ఇద్దరు ఆంగ్లేయులు ఫిజీ వెళ్లి చూసి వచ్చి రాసిన నివేదిక అందుకు ఇంకా బలం ఇచ్చింది. చివరకు 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి.

వేలమంది తిరిగి వచ్చారు. వచ్చినవారిలో కొందరిని ఊరు చేరనీయలేదు, సముద్రం దాటినవాడికి కులం పోయిందన్నారు. వాళ్లు కలకత్తా మటియాబుర్జ్‌లో పడి ఉండి, మళ్లీ ఓడ ఎక్కించమని బతిమాలుకున్నారు. ఈ పాపంలో బ్రిటిష్ వారికి వాటా లేదు, అది మనదే.

ఉండిపోయినవారికి కంపెనీ తోటలను సుమారు పదేసి ఎకరాల చెక్కలుగా కౌలుకిచ్చింది. వాళ్లు చెరకు రైతులయ్యారు. సొంతభూమి కాదు, కౌలు. సర్దారులూ ఓవర్సీర్లూ హిందుస్తానీలోనే కేకలు వేసేవారు కాబట్టి తెలుగువారు ఆ భాష నేర్చుకోక తప్పలేదు, రెండో తరానికి ఇంట్లో తెలుగు తగ్గింది. అయినా వారు వదిలిపెట్టలేదు. సాధు కుప్పుస్వామి 1926లో నాందీలో స్థాపించిన ‘సంగం’ అనే సంస్థ దక్షిణాదివారి పిల్లలకోసం బడులు కట్టింది. రామకృష్ణ మిషన్‌నుంచి 1937లో అవినాశానంద స్వామి, 1939లో రుద్రానంద స్వామి వెళ్లాక ఆ పని విస్తరించింది. 1941లో తెలుగువారు తమకోసం దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. అప్పటికి ఇక్కడ మనకు ఆంధ్ర రాష్ట్రమే లేదు. పన్నెండేళ్ల తరువాత ఏర్పడిన రాష్ట్రం పేరు పసిఫిక్ దీవుల్లోని చెరకు రైతుల సంఘం బోర్డుమీద అప్పటికే ఉంది.

అసలు చిక్కు ఓటు దగ్గర మొదలైంది. 1929లో మొదటిసారి భారతీయులకు శాసన మండలిలో మూడు ఎన్నికైన స్థానాలు ఇచ్చారు, కానీ భారతీయులు భారతీయులకే, యూరోపియన్లు యూరోపియన్లకే ఓటు వేయాలి. మూలవాసులకైతే ఓటే లేదు, ప్రభువుల మండలి సూచించినవారిని గవర్నరు నియమించేవాడు. ఎన్నికైన విష్ణు దేవ్, పరమానంద్ సింగ్, జేమ్స్ రామచందర్ రావు ముగ్గురూ అందరికీ ఒకే ఓటర్ల జాబితా ఉండాలని తీర్మానం పెట్టి, అది వీగిపోగానే సభ విడిచి వచ్చేశారు. వారు అడిగింది ప్రత్యేక హక్కు కాదు, ఒకే జాబితా. గుప్పెడుమంది యూరోపియన్లు జనాభాలో ఎక్కువమందిగా ఉన్న రెండు జాతులమీద పెత్తనం నిలుపుకోవాలంటే ఆ ఇద్దరూ ఒకే వరసలో నిలబడకూడదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్న సామెతకు ఇంతకంటే తార్కాణం దొరకదు.

రెండో ప్రపంచయుద్ధంలో మూలవాసుల బెటాలియన్లు సాలమన్ దీవుల్లో పోరాడాయి. జీతంలో యూరోపియన్లతో సమానత్వం లేకపోవడంతో భారతీయులు సైన్యంలో చేరడానికి పెద్దగా ముందుకు రాలేదు. 1943లో చెరకు ధర కోసం ఎ.డి. పటేల్, రుద్రానంద స్వామి నాయకత్వంలో రైతులు పెద్ద సమ్మె చేశారు. ధర అడగడం న్యాయమే, కానీ ఆ సమయం మూలవాసుల మనసులో ‘వీళ్లు మనవాళ్లు కారు’ అన్న మాటను నాటింది. దాన్ని చాలాకాలం వాడుకున్నారు. 1940లోనే మూలవాసుల భూములన్నింటి కౌలు వ్యవహారాలు వారి నాయకుడు రాతూ సుకునా చొరవతో ఏర్పడిన భూమి ట్రస్టు బోర్డు చేతిలోకి వెళ్లాయి. 1946 జనాభా లెక్కల్లో భారతీయుల సంఖ్య మూలవాసుల సంఖ్యను దాటింది. అంటే దేశంలో ఎక్కువమంది జనం భూమి లేని కౌలుదారులు, భూమి గలవారు సంఖ్యలో తగ్గుతున్నామని భయపడుతున్నవారు. ఇద్దరి మధ్య పంట కొనే కంపెనీ ఒక్కటే. చెరకు ఆదాయంలో రైతుకు 65 పాళ్లు, మిల్లుకు 35 పాళ్లు అని బ్రిటిష్ న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్ తీర్పు చెప్పాక ఆ కంపెనీ ఫిజీ వదిలి వెళ్లిపోయింది. పటేల్ ఆ వాదన వినిపించి, తీర్పు రాకముందే 1969లో కన్నుమూశాడు. 1970 అక్టోబరు 10న స్వాతంత్ర్యం వచ్చేటప్పటికి రాజ్యాంగంలో 52 స్థానాల సభ ఉంది: మూలవాసులకు 22, భారతీయులకు 22, ఇతరులకు 8. జాతుల వారీ గోడలు కట్టి, తాళం చెవి మాత్రం చేతికిచ్చి వెళ్లారు.

సైనిక తిరుగుబాట్ల గురించి మీ వ్యాసంలో ఉన్న పొరపాటు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 1987 ఏప్రిల్‌లో లేబర్ పార్టీ, నేషనల్ ఫెడరేషన్ పార్టీ కూటమి గెలిచి ప్రధాని అయిన తిమోతి బావంద్రా భారతీయుడు కాడు, పశ్చిమ ఫిజీకి చెందిన మూలవాసి, వృత్తిరీత్యా డాక్టరు. ఆయన ఓడించింది స్వాతంత్ర్యం నాటినుంచి పాలిస్తున్న కమిసేసే మారాను, ఆయన వెనుక నిలిచిన తూర్పు దీవుల ప్రభువులను. నెలరోజులకే, మే 14న, లెఫ్టినెంట్ కర్నల్ సితివేని రంబూకా ముసుగులు వేసుకున్న సైనికులతో పార్లమెంటులోకి వెళ్లి ప్రభుత్వాన్ని కూల్చాడు. 108 ఏళ్ల కిందట మొదటి ఓడ వచ్చిన తేదీ అదే. సెప్టెంబరులో రెండో తిరుగుబాటు. 1990 రాజ్యాంగం 70 స్థానాల్లో 37 మూలవాసులకు, 27 భారతీయులకు ఇచ్చి, ప్రధాని మూలవాసే కావాలంది. 1997లో రాజ్యాంగం మారి, 1999 మే 19న మహేంద్ర చౌధరి తొలి భారత సంతతి ప్రధాని అయ్యాడు. సరిగ్గా ఏడాది తిరిగిన రోజున జార్జ్ స్పైట్ అనే వ్యక్తి సాయుధులతో వచ్చి ఆయననూ మంత్రులనూ 56 రోజులు పార్లమెంటులో బంధించాడు. ఆ రోజుల్లో ఇళ్లు దోపిడీకి గురైన రైతు కుటుంబాలు లౌతోకాలోని గిర్మిట్ కేంద్రంలో శరణార్థులుగా ఉన్నాయి. గిర్మిటియాల జ్ఞాపకార్థం కట్టిన భవనంలోనే వారి మునిమనవలు చాపలు పరచుకుని పడుకోవలసివచ్చింది. 2006లో నాలుగో తిరుగుబాటు చేసిన సైన్యాధిపతి బైనిమరామా, ఆయన కూల్చిన ప్రధాని, ఇద్దరూ మూలవాసులే. జాతుల మధ్య పగే కారణమైతే మొదటిదీ నాలుగోదీ జరగవలసిన పని లేదు. అధికారం పోతుందని భయపడ్డవారు జాతి పేరును వాడుకున్నారు, ఆ పేరు అంత సులువుగా వాడడానికి వీలైంది వలస పాలన కట్టిన గోడల వల్ల.

స్థానికుడు ఎవరు, బయటివాడు ఎవరు అన్న ప్రశ్న హైదరాబాదువాడికి పరాయిది కాదు. ఉద్యోగాలు స్థానికులకేనన్న 1919 నాటి ముల్కీ ఫర్మానా గురించి, 1952లో సిటీ కాలేజీ దగ్గర విద్యార్థులమీద జరిగిన పోలీసు కాల్పుల గురించి చెప్పుకుంటూ పెరిగిన తరం నాది. నాకంటే బాగా పెద్దవారైన మా మేనమామ ఆ ఊరేగింపులో నడిచారు. ఆ ఉద్యమాన్నీ ఫిజీనీ ఒకే గాటన కట్టను. ఇక్కడి ఇరుపక్షాలదీ ఒకే భాష, ఒకే పౌరసత్వం, చివరికి తగవు తీరింది పార్లమెంటు చట్టంతో. కానీ ఒక విషయం మనకు తెలుసు. తన నేలమీద ఉద్యోగం, నీళ్లు, పెత్తనం ఇతరుల చేతికి పోతున్నాయని భయపడే మనిషిని ‘అసూయపరుడు’ అని కొట్టిపారేస్తే వాడి మనసు ఎంత నొచ్చుకుంటుందో మనకంటే బాగా తెలిసినవారు ఉండరు. అందుకే ఫిజీ మూలవాసి గురించి ‘కన్నుకుట్టింది’ అన్న మాట హైదరాబాదు నుంచి వెలువడే పత్రికలో కనబడడం నన్ను ఇంకా ఎక్కువగా బాధించింది. అదే సమయంలో, నాలుగు తరాలు చెమటోడ్చి దున్నిన పొలం కౌలు గడువు 1997 తరువాత ముగిసిపోగా, కట్టుకున్న ఇంటి కలపను ఊడదీసుకుని ట్రక్కులో వేసుకుని వెళ్లిపోయిన రైతు దుఃఖం కూడా అంతే నిజం. మా ఇంటికి వచ్చిన ఆ పెద్దావిడ అన్నగారి కుటుంబం అలా లేచిపోయినవారే. ఆవిడకు మూలవాసులమీద కోపం లేదు. భూమి యజమాని భార్య పండగనాడు తమ ఇంటికి చేపలు తెచ్చేదనీ, తన తల్లి ఆమెకు పులుసు వండి పంపేదనీ చెప్పారు. బావంద్రా పేరు చెప్పినప్పుడు మాత్రం కళ్లు తుడుచుకున్నారు.

1987 తరువాత చదువుకున్నవారు, టీచర్లు, నర్సులు, అకౌంటెంట్లు వేల సంఖ్యలో ఆస్ట్రేలియా, న్యూజిలాండు, కెనడా వెళ్లిపోయారు. ఒకప్పుడు జనాభాలో సగం ఉన్న భారత సంతతి 2007 లెక్కలకు 37 శాతానికి తగ్గింది. 2013 రాజ్యాంగం జాతుల వారీ స్థానాలను తీసివేసి పౌరులందరినీ ‘ఫిజియన్లు’ అని పిలిచింది. 2022 ఎన్నికల తరువాత మళ్లీ ప్రధాని అయిన రంబూకా 2023 మే నెలలో, గిర్మిట్ దినాన్ని మొదటిసారి ప్రభుత్వ సెలవుగా పాటించిన సందర్భంలో, తాను చేసినదానికి భారత సంతతివారిని బహిరంగంగా క్షమాపణ కోరాడు. మీ వ్యాసం దీన్ని ప్రస్తావించనే లేదు.

ఇక నా మనవులు. నేను పాఠాలు చెప్పినన్నాళ్లూ గిర్మిట్ గురించి పిల్లలకు చెప్పింది ఒకటి రెండు వాక్యాలే, అవి కూడా ఉత్తరాది జిల్లాల గురించి. పాలకొండ, గోదావరి, కృష్ణా తాలూకాల పేర్లు అందులో లేవు. 1860లో నేటాల్‌కు వెళ్లిన మొదటి ఓడ ‘ట్రూరో’ మద్రాసు నుంచే బయలుదేరిందన్న సంగతి కూడా నేను ఉద్యోగం మానేశాకనే చదివాను. ఫిజీ జాతీయ అభిలేఖాగారంలో ఉన్న మద్రాసు పాసుల నకళ్లను రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు కలిసి తెప్పించి, తార్నాకలోని మన అభిలేఖాగారంలో ఉంచి, ఊళ్ల పేర్లను తెలుగు లిపిలో సరిచేసి సూచిక తయారుచేయించాలి. ఇది చరిత్ర పండితులొక్కరే చేయగల పని కాదు. ఆ తాలూకాల్లో పుట్టి ఆ ఊళ్ల పేర్లు చెవికి తెలిసినవారిని కూర్చోబెట్టాలి. హైదరాబాదులో అలాంటివారు భవనాల దగ్గర కాపలా కాస్తూ, ఇటుకలు మోస్తూ వేలమంది ఉన్నారు. వారికి రోజుకూలి ఇచ్చి చేయించినా పెద్ద ఖర్చు కాదు.

ఆ పెద్దావిడ మా వాచ్‌మన్ అక్కగారి ఊరికి వెళ్లి వచ్చారు. పాసులో ఉన్న ఇంటిపేరు గల కుటుంబాలు రెండు ఇప్పటికీ అక్కడ ఉన్నాయట. ఏ కుటుంబం తనదో తేల్చుకోవడానికి ఆవిడకు ముత్తాత అన్నదమ్ముల పేర్లు కావాలి. ఆ వివరాలు మద్రాసు వలస అధికారి రికార్డుల్లో ఎక్కడైనా ఉంటాయేమోనని నేను ఇంకా వెతుకుతున్నాను. తెలిసిన పాఠకులు ఎవరైనా ఉంటే మీ కార్యాలయం ద్వారా తెలియజేయమని కోరుతున్నాను. అలాగే ఆ వ్యాసంలోని ‘వ్యాపారం కోసం వెళ్లిన భారతీయులు’ అన్న మాటను ‘ఒప్పంద కూలీలుగా తీసుకువెళ్లబడిన భారతీయులు’ అని సవరిస్తూ రాబోయే ఆదివారం సంచికలో ఒక ప్రకటన వేయమని ప్రార్థన.

భవదీయుడు,
విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు,
నల్లకుంట, హైదరాబాదు